మా గోల్డ్ ఫిష్ తరఫున గోదారి మర్యాద గారికి

మహారాజశ్రీ గోదారి మర్యాద గారికి,

భీమవరం నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మా గోల్డ్ ఫిష్ మాత్రం పొట్ట పైకి పెట్టి తేలుతోంది. చచ్చిపోలేదండి, కంగారు పడకండి. మొప్పలు ఆడుతున్నాయి. కిందికి దిగుదామని తోక టపటపా కొట్టుకుంటుంది, బెత్తెడు దిగుతుంది, తోక ఆపిన మరుక్షణం మళ్ళీ పైకి వచ్చేస్తుంది. సంక్రాంతికి వచ్చిన చుట్టాలందరూ దానికి తమరి పద్ధతిలో మర్యాద చేసి వెళ్ళారు. అందుకని ఈ ఉత్తరం తమరికే.

తమరి ఘనత తెలియనిదెవరికండి! కొత్త అల్లుడి ముందు వందకి పైగా వంటకాలు పరిచి, ఆ ఫోటో పేపర్లో పడితే గానీ తమరికి నిద్ర పట్టదు. వద్దంటే మొహమాటపడుతున్నాడంటారు, చాలంటే ఇంకో గరిటె వేస్తారు. అయినా అల్లుడు ఏదోలా గట్టెక్కుతాడు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు, మధ్యాహ్నం ఫ్యాన్ కింద పడుకుని అరిగించుకుంటాడు. గోల్డ్ ఫిష్‌కి అడ్డం పెట్టడానికి చెయ్యి లేదు. ఆ మాటకొస్తే తిన్నది దాచుకోవడానికి జీర్ణాశయమే లేదు. మింగింది మింగినట్టు పేగులోకే పోతుంది. కాకపోతే మనిషి నీడ అద్దం మీద పడగానే పైకొచ్చి నోరు తెరుస్తుంది. 'పాపం, అడుగుతోంది, వేయండర్రా' అని తమరు ఎవరి నోటివెంటో పలుకుతారు. అత్తయ్య ఓ చిటికెడు వేసింది. ఆవిడ వేసింది చూడక మావయ్య ఇంకో చిటికెడు. ఆయన వేసింది చూసి కూడా బాబాయి ఇంకో చిటికెడు, తనొక్కడూ వేయకపోతే బాగుండదని. కనుమ నాడు పిల్లలు అరిసె ముక్క కూడా వేశారు. నువ్వులు ఇప్పటికీ అడుగున గులకరాళ్ళ మధ్య ఉన్నాయి.

ఇక లోపల ఏం జరిగిందో తమరికి తెలియాలి. చేపల మార్కెట్లో శీలావతిని కోసేటప్పుడు చూసే ఉంటారు. పేగులు లాగగానే వాటి పైన, వెన్నెముక కింద, నడుం దగ్గర నొక్కేసినట్టు రెండు గదులుగా తెల్లటి బుడగ కనిపిస్తుంది. గాలి తిత్తి. చేప ఏ లోతులో కావాలంటే ఆ లోతులో కదలకుండా నిలబడేది దాని పుణ్యమే. గోల్డ్ ఫిష్ కూడా మన శీలావతి, బొచ్చెల కుటుంబమే కాబట్టి దీనికీ అదే రెండు గదుల తిత్తి, గొంతు దారి నుంచి దానికో సన్నటి గొట్టం. నీళ్ళ మీద తేలే మేత కోసం ఎగబడితే మేతతో పాటు గాలీ మింగుతుంది. పొడి గింజలు లోపలికి పోయాక నాని ఉబ్బుతాయి. పేగు బిగుసుకుని తిత్తిని నొక్కుతుంది, తిత్తి అదుపు తప్పి చేప ఇలా తేలిపోతుంది. సంక్రాంతి చలికి నీళ్ళు చల్లబడితే అరుగుదల ఇంకా నెమ్మదిస్తుంది. దానికి తోడు మాది పొట్టిగా, బంతిలా ఉండే ఒరాండా రకం. చైనాలో మొదలుపెట్టి వందల ఏళ్ళు ఏరి ఏరి పెంచి, పొడవాటి చేపని ఇలా గుండ్రంగా కుదించారు. ముద్దుగానే ఉంటుంది గానీ లోపల అవయవాలకి చోటు లేదు. ఇన్‌ఫెక్షన్ వల్ల, కడుపులో గుడ్లు ఇరుక్కుపోవడం వల్ల కూడా ఇలా తేలుతాయి. మా ఇంట్లో మాత్రం కారణం వెతకక్కర్లేదు, మేత డబ్బా ఖాళీ.

నాకు కడుపు మండేది ఎక్కడంటే, ఈ జిల్లాకి ఇవేమీ తెలియక కాదు. మా మావయ్యకి రొయ్యల చెరువుంది. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే పైకి తీసి చూసి మేత మిగిలితే తర్వాతి మేత తగ్గించేస్తాడు. అక్కడ తమరి ఆటలు సాగవు, ఎందుకంటే మేతకి బిల్లు కట్టాలి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని ఏరియేటర్లు తిప్పుతాడు, కరెంటు పోతే జనరేటర్ వేస్తాడు. అదే మావయ్య మా ఇంట్లో పడుకుంటే అక్వేరియం గాలి మోటారు ఆపేశాడు. 'దానికి మాత్రం నిద్రొద్దేంట్రా' అట!

నీళ్ళు సీసాలో పట్టి, చెరువుల నీళ్ళు పరీక్షించే ఆక్వా ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. 'ఎన్ని ఎకరాలండి?' అన్నాడు కుర్రాడు. చెప్పాక నవ్వాడు గానీ చూసిచ్చాడు, అమ్మోనియా ఎక్కువుంది. తినకుండా మిగిలిన మర్యాద అంతా కుళ్ళి అందులోనే ఉంది మరి. అక్వేరియం షాపాయన నీలం మందు వేయమన్నాడు. అది బూజుకి వేసే మందు. దగ్గుకైనా, అప్పుకైనా ఆయన అదే ఇచ్చేలా ఉన్నాడు. పక్కింటాయన కాలవలో వదిలేయమన్నాడు. తిన్నగా ఈదలేని చేపనా? ఈదగలిగినా మన కాలవలోకి ఈ పరాయి చేప ఎందుకండి?

చేయాల్సింది చాలా చిన్నది. రెండు మూడు రోజులు మేత పూర్తిగా మానేయాలి. ఆ తర్వాత పచ్చి బఠాణీ ఉడకబెట్టి, తొక్క తీసి, గోరంత ముక్క వేయాలి, అదీ మలబద్ధకం అయితేనే పనిచేస్తుంది. నీళ్ళు మొత్తం పారబోయకుండా కొంచెం కొంచెంగా మార్చాలి, కుళాయి నీళ్ళలో క్లోరిన్‌ని మందు వేసి విరిచాకే పోయాలి. పైకి తేలిన ఒళ్ళు గాలికి ఎండి పుండు పడకుండా కనిపెట్టి ఉండాలి. ఇకముందు మునిగే మేతే, నానబెట్టి వేయాలి.

ఇంత చిన్న పనికీ తమరే అడ్డం. ఉపవాసం అని చెప్పిన రాత్రే మా నాయనమ్మ, దీపం కూడా వేయకుండా, అద్దం దగ్గర దొరికింది. ఏకాదశికి పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి! 'ఇవాళ ఏకాదశి కాదు కదరా' అంది, గుప్పిట తెరవకుండా.

ఇప్పుడు మేత డబ్బా నా బీరువాలో, తాళం నా జేబులో. చేప కాస్త తిన్నగా అయింది, ఇంకా ఓ పక్కకి ఒరిగే ఈదుతోంది. పూర్తిగా సర్దుకుంటుందని మాట ఇవ్వలేను, ఇలా ఒరిగే ఏళ్ళ తరబడి బతికే గోల్డ్ ఫిష్‌లూ ఉంటాయి. ఉగాదికి చుట్టాలు మళ్ళీ వస్తామంటున్నారు. తమరు దయచేసి అక్వేరియం ఉన్న గదిలోకి రావద్దు. చెయ్యి ఊరుకోకపోతే వరండాలో నేనుంటాను. ఆత్రేయపురం పూతరేకులు తెచ్చి నాకు వడ్డించండి. ఒక్కసారి కూడా వద్దనను.

ఇట్లు,
తమరి విధేయుడు,
చేప గల ఇంటి యజమాని