ప్రైవేట్ డివిజన్ దివ్య చరిత్రము

బెంగళూరులో ఇస్రో ఉపగ్రహాలు కడుతుంది, మారతహళ్లిలో మన తెలుగువాళ్లు రీఆర్గులు (కంపెనీని అటూ ఇటూ మార్చి మనుషుల్ని సర్దేసే తంతు) అనుభవిస్తారు. అయితే మనవన్నీ చిల్లర రీఆర్గులు. శాస్త్రోక్తంగా జరిగినదాన్ని చూడాలంటే అమెరికా వైపు తిరిగి నమస్కరించాల్సిందే.

గ్రాండ్ థెఫ్ట్ ఆటో అనే వీడియో గేమ్ అమ్ముకునే టేక్-టూ వారు 2017 డిసెంబరులో ప్రైవేట్ డివిజన్ అనే పబ్లిషింగ్ లేబుల్ (ఇతరులు చేసిన ఆటల్ని విడుదల చేసే విభాగం) పెట్టారు. చిన్న స్వతంత్ర స్టూడియోలను ఆదుకోవడం ఆశయం. 2019లో తెచ్చిన ది ఔటర్ వరల్డ్స్ బాగానే ఆడింది. కంపెనీలే లోకాన్ని ఏలితే మనుషుల గతి ఏమిటన్నది దాని కథ. కాలక్షేపం ఆటే కదా అనుకుని ఉంటారు, పాపం.

అసలు ఘట్టం కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2. రాకెట్లు కట్టి, పేల్చి, మళ్లీ కట్టే ఆట. స్టార్ థియరీ అనే స్టూడియో చేస్తుండేది. 2019 ఆగస్టులో ట్రైలర్ చూపి, వచ్చే ఏడాదే విడుదలన్నారు. డిసెంబరులో ఒక శుక్రవారం ఆ స్టూడియో ఉద్యోగులకు లింక్డిన్‌లో టేక్-టూ నుంచి సందేశాలు వచ్చాయి: ప్రాజెక్టును మీ యజమాని దగ్గర్నుంచి తీసేసుకున్నాం, మీరు మా దగ్గరికి వచ్చేయండి. దాదాపు మూడోవంతు మంది వెళ్లారు. కొన్ని నెలలకే స్టార్ థియరీకి తాళం పడింది. మన కన్సల్టెన్సీలవాళ్లు తలకిందులుగా తపస్సు చేసినా ఇంత శుభ్రంగా మనుషుల్ని లాగలేరు.

ఆట 2023 ఫిబ్రవరిలో వచ్చింది, అదీ ఎర్లీ యాక్సెస్ (పూర్తికాకముందే అమ్మడం) పేరిట, 50 డాలర్లకు. సైన్స్ మోడ్ (ప్రయోగాలు చేసి కొత్త భాగాలు సంపాదించే ఆట పద్ధతి) డిసెంబరుకు గానీ దిగలేదు. అప్పటిదాకా వాతావరణంలోకి తిరిగొచ్చే నౌకకు వేడి కూడా తగిలేది కాదు. గగన్‌యాన్ ఉష్ణకవచం కోసం ఇస్రో వాళ్లు ఏళ్లకేళ్లు తలలు పట్టుకున్నారే, సమస్యనే తీసేస్తే పోయేది కదా!

2024లో సియాటిల్‌లో 70 ఉద్యోగాలు పోతున్నాయని ప్రభుత్వానికి నోటీసు వెళ్లింది. ఆ ఆట కోసం టేక్-టూ వారు పెట్టుకున్న కొత్త స్టూడియో ఉన్నదీ అక్కడే. మే నెలలో టేక్-టూ అధినేత స్ట్రాస్ జెల్నిక్ మాత్రం స్టూడియోలను మేం మూయలేదని సెలవిచ్చారు. నిజమే, మనుషుల్ని పంపించేస్తే గదులు ఎక్కడికి పోతాయి? నవంబరులో లేబుల్‌నే అమ్మేశారు, కొన్నదెవరో మాత్రం చెప్పలేదు. తర్వాత హవేలీ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే పెట్టుబడి సంస్థ అని బయటపడింది. నడపడానికి వచ్చినవాళ్లు అన్నపూర్ణ ఇంటరాక్టివ్ అనే మరో గేమ్ ప్రచురణ సంస్థలో మూకుమ్మడిగా రాజీనామా చేసినవాళ్లట. (హవేలీ, అన్నపూర్ణ అనగానే బీటీఎంలో కొత్త భోజన హోటలనుకునేరు.)

బన్నేరుఘట్ట రోడ్డు ఐఐఎం వారికి నాదొక మనవి. ఈ చరిత్రను వెంటనే పాఠంగా పెట్టండి. పరీక్షలో ఒక్కటే ప్రశ్న: తయారుచేసేవాళ్లను ఇంటికి పంపాక కూడా అదే ఆటను ఎర్లీ యాక్సెస్ బోర్డు కింద అమ్ముతూ ఉండటం ఎలా? పేపరు తయారుచేసిన ప్రొఫెసర్‌ను పరీక్షకు ముందే తీసేయండి. ప్రాక్టికల్ మార్కులు అక్కడే వేసేయొచ్చు.