అండమాన్ టికెట్ కొనేముందు తిథి చూడండి

అండమాన్ ప్యాకేజీలు నాలుగు తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. హోటళ్లు మారతాయి, రేట్లు మారతాయి, వరస మాత్రం మారదు. మొదటి రోజు సెల్యులార్ జైలు, రెండో రోజు హావ్‌లాక్ దీవికి వెళ్లి సాయంత్రం రాధానగర్ బీచ్, మూడో రోజు ఎలిఫెంట్ బీచ్, నాలుగో రోజు నీల్ దీవి. ఏ రోజు ఏ గంటకి పోటు (నీళ్లు పైకెక్కడం), ఏ గంటకి ఆటు (నీళ్లు వెనక్కి తగ్గడం) అన్న ముక్క ఒక్కదాంట్లోనూ కనపడదు. సముద్రం చూడటానికి వేలకు వేలు పోసి వెళ్తూ, సముద్రం ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు ఉండదో కనుక్కోకుండా వెళ్లడం ఏమిటో అర్థం కాదు.

(పేర్ల సంగతి: 2018 చివర్లో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. పడవ టికెట్లు బుక్ చేసేటప్పుడు రెండు పేర్లూ గుర్తుంటే తికమక ఉండదు. అందరూ అంటున్నారు కాబట్టి ఇక్కడ పాత పేర్లే.)

అక్కడ రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. అవి రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యంగా వస్తుంటాయి. ఇవాళ పొద్దున 9 గంటలకి ఆటు ఉంటే, వారం తర్వాత అదే 9 గంటలకి పోటు ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాత ఒకటి రెండు రోజులు పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం తేడా పోర్ట్ బ్లెయిర్ దగ్గర దాదాపు 2 మీటర్లు. అష్టమి దాటాక ఒకటి రెండు రోజులు అది మీటరు లోపే. మన తీరంలో జాలర్లకి ఇది చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ప్యాకేజీలు అమ్మేవాళ్లకే.

2 మీటర్లే కదా అనుకుంటే పొరపాటు. హావ్‌లాక్ తూర్పు తీరం, అంటే రిసార్టులు ఎక్కువగా ఉన్న గోవింద్‌నగర్, విజయ్‌నగర్ వైపు, సముద్రం అడుగు చాలా తక్కువ వాలుతో పోతుంది. పెద్ద ఆటు వేళ నీళ్లు వందల మీటర్లు వెనక్కి పోయి రాళ్లు, చచ్చిన పగడాల ముక్కలు, బురద తేలతాయి. గది అమ్మేటప్పుడు చూపించే ఫోటో మాత్రం ఎప్పుడూ పోటు మీద తీసిందే. 'బీచ్ ఫ్రంట్' అని అదనంగా డబ్బు తీసుకున్న గది ముందు పొద్దున్నే నీళ్లు లేవంటే తప్పు సముద్రానిది కాదు. ఈత కొట్టాలంటే పడమటి వైపున్న రాధానగర్‌కి పోవాలి. అక్కడ ఇసుక బాగా వాలుగా ఉంటుంది కాబట్టి ఆటులోనూ నీళ్లు దగ్గర్లోనే ఉంటాయి. డిసెంబర్‌లో సూర్యాస్తమయం 5 గంటలకే. 5కి బయల్దేరుదాం అనే డ్రైవర్ మాట వింటే చీకటే చూస్తారు.

నీల్‌లో లక్ష్మణ్‌పూర్ వైపున్న సహజ రాతి వంతెన సంగతి దీనికి సరిగ్గా తిరగబడుతుంది. అక్కడ ఆటే కావాలి. ఆటుకి గంట ముందు, గంట తర్వాత వంతెన చుట్టూ ఉన్న రాతి తిన్నె బయటపడుతుంది. గుంటల్లో నిలిచిన నీళ్లలో సముద్ర దోసకాయలు, పీతలు, చిన్న చేపలు, రాతికి కరుచుకుని పెదవులు తెరిచిన నీలిరంగు ఆల్చిప్పలు కనిపిస్తాయి. నాచు పట్టిన రాళ్లు కాబట్టి హవాయి చెప్పులు పనికిరావు, వెనక పట్టీ ఉన్న రబ్బరు శాండల్స్ వేసుకోవాలి. నీల్‌లో రాత్రి ఉండకుండా పొద్దున దిగి సాయంత్రం పడవెక్కే ప్యాకేజీ అయితే, ఆ నాలుగైదు గంటల్లో ఆటు రాకపోతే దూరం నుంచి ఒక ఫోటోతో సరిపెట్టుకోవాల్సిందే.

ఇక స్నార్కెలింగ్, అంటే మాస్క్, గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగున పగడాలు చూడటం. ప్యాకేజీలో 'ఫ్రీ స్నార్కెలింగ్' అని రాసేది ఎలిఫెంట్ బీచ్‌లో జరిగే పది పదిహేను నిమిషాల తతంగం. రబ్బరు ట్యూబ్ పట్టుకుని వేలాడితే గైడ్ లాక్కెళ్లి లాక్కొస్తాడు. ఎక్కువమంది నీళ్లలో తొక్కిసలాడితే ఇసుక లేచి ఏమీ కనపడదు. అందుకే అక్కడికి మొదటి పడవలో పోవాలి. పోటు మొదలయ్యాక, నీళ్లు పగడాల పైకి బాగా ఎక్కాక దిగడం మేలు. ఆటులో దిగితే మోకాళ్లు గీసుకుపోతాయి, పగడాలూ విరుగుతాయి.

మాస్క్‌లోకి నీళ్లొచ్చి భయపడి బయటికొచ్చేసేవాళ్లే ఎక్కువ. లోపం సముద్రంలో లేదు, మాస్క్‌లో ఉంది. తీసుకున్న మాస్క్‌ని పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి చేతులు వదిలేయండి. అలాగే అతుక్కుని ఉంటే అది మీ ముఖానిది. జారిపోతే ఇంకోటి అడగండి, మొహమాటం వద్దు. నుదుటి మీది వెంట్రుకలు రబ్బరు అంచు కింద ఉండకూడదు. మీసం గుబురుగా ఉన్నవాళ్లకి ముక్కు కిందే నీళ్లు కారతాయి. మీసం తీసేయక్కర్లేదు, ముక్కుకి ఆనుకున్న సన్నటి గీత మేరకు కత్తిరిస్తే చాలు. పట్టీ ఎంత బిగిస్తే అంత మంచిదనుకుంటారు, కానీ ఎక్కువ బిగిస్తే అంచు వంగి ఇంకా కారుతుంది. అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రాసి ఒక్కసారి నీళ్లలో ముంచి తీయడం డైవర్లందరూ చేసే పనే, అసహ్యించుకోకండి.

స్కూబా, అంటే గాలి సిలిండర్‌తో నీళ్ల అడుగుకి దిగడం. అది చేయడానికి ఈత రానక్కర్లేదన్న మాట నిజం. సర్టిఫికెట్ లేనివాళ్లకి లోతు పరిమితి 12 మీటర్లు, శిక్షకుడు పక్కనే ఉంటాడు. దాచిపెట్టే విషయం చెవుల సంగతి. దిగడం మొదలైన మొదటి మీటర్లలోనే ఒత్తిడి తెలుస్తుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవులు తెరుచుకోవాలి, అదీ నొప్పి రాకముందే, ప్రతి మీటరుకీ. నొప్పి వచ్చాక గట్టిగా ఊదితే కర్ణభేరికి దెబ్బ. జలుబు ఉంటే ఆ రోజు దిగొద్దు. మాత్ర వేసుకుని దిగితే దాని ప్రభావం నీళ్లలో ఉండగానే తగ్గిపోయే ప్రమాదం ఉంది. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న సంగతి ఫారంలో దాచకండి. డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగడం మేలు, కాబట్టి చివరి రోజు పొద్దున డైవ్ పెట్టే ప్యాకేజీని అక్కడే తిరగ్గొట్టండి.

సీ వాక్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నెత్తిన హెల్మెట్, అడుగున కమ్మీ పట్టుకుని నిలబడటం, రొట్టె ముక్కలకి అలవాటుపడ్డ చేపలు. అదే డబ్బు స్కూబాకి కలపండి.

రాత్రిపూట నీళ్లు మెరవడం చూడాలంటే చీకటి తప్పనిసరి. తెడ్డు వేసినప్పుడల్లా నీలంగా వెలిగేది కంటికి ఆనని సూక్ష్మజీవులు. పున్నమి వెన్నెల్లో ఆ వెలుగు కనపడదు. బహుళ అష్టమి తర్వాత చంద్రుడు అర్ధరాత్రి దాటాకే వస్తాడు కాబట్టి రాత్రి 7, 8 గంటల కయాక్ (తెడ్డు వేసే చిన్న పడవ) ట్రిప్పు బాగుంటుంది. శుక్ల పక్షంలో, దశమి లోపు అయితే తెల్లవారుజామున 3 గంటలది అడగాలి. పౌర్ణమికి దీన్ని అమ్మేవాళ్లు మోసం చేస్తున్నట్టే లెక్క.

ఇప్పుడు గోడ మీది క్యాలెండర్ తీయండి. బహుళ దశమికి హావ్‌లాక్ చేరితే ఆటుపోట్లు చిన్నవి, ప్రవాహం తక్కువ, రాత్రులు చీకటి. స్నార్కెలింగ్, డైవ్, కయాక్ అక్కడ ముగించుకుని చతుర్దశికో అమావాస్యకో నీల్‌లో దిగితే పెద్ద ఆటు దొరుకుతుంది, వంతెన కింద తీరిగ్గా తిరగొచ్చు. కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ అయితే సముద్రం ఇంకా నెమ్మది.

మొసళ్ల బోర్డులు అలంకారానికి పెట్టలేదు. 2010లో రాధానగర్ పక్కన స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు ఉప్పునీటి మొసలి దాడిలో చనిపోయారు. మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే చోట్ల, సందె చీకట్లో నీళ్లలోకి దిగొద్దు. లైఫ్‌గార్డు విజిల్ వేస్తే నవ్వకుండా బయటికి రండి. పగడం ముక్కలు జేబులో వేసుకోవడం నేరం, పగడాలకి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, విమానాశ్రయంలో సామాన్లు చూస్తారు.

పిల్లల సెలవులని బట్టే తేదీలంటారా, అప్పుడు తేదీ బదులు వరస మార్చుకోండి. పడవలు పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ మూడింటి మధ్యా తిరుగుతాయి కాబట్టి ముందు నీల్, తర్వాత హావ్‌లాక్ అన్నా కుదురుతుంది. ఏజెంటు కుదరదంటే కారణం అడగండి, చాలాసార్లు అతని హోటల్ గదుల లెక్కే కారణం. అలల ఎత్తు, గాలి అంచనాలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ ఇస్తుంది, బయల్దేరే ముందు చూసుకోండి. గాలి ముదిరితే పడవలు రద్దవుతాయి. విమానం ఉన్న రోజు పొద్దున హావ్‌లాక్ నుంచి పడవ పెట్టుకోకండి. ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి, సెల్యులార్ జైలుని ఆ మధ్యాహ్నానికి జరపండి.