వెస్లీ అంటే ఏమిటని కాదు, ఎవరి పేరని అడగండి

నా పేరు వెస్లీ అని చెప్పగానే "అర్థం ఏంటండీ?" అని అడిగేవాళ్లు చిన్నప్పటి నుంచి తగులుతూనే ఉన్నారు. మొన్న ఒకాయన అక్కడికక్కడే ఫోన్‌లో వెతికి, "పడమటి పచ్చిక మైదానం అట" అని పెదవి విరిచాడు. ఇంత చిన్న అర్థమా అన్నట్టు. నాకు బాధేసింది, అందుకే ఇది రాస్తున్నా.

వెస్లీ మొదట మనిషి పేరు కాదు, ఊరి పేరు. ఇంగ్లిష్ ఊళ్ల పేర్ల చివర వచ్చే "లీ" అంటే అడవి కొట్టి చదును చేసుకున్న చోటు. పడమటి వైపున్నది వెస్లీ, రాళ్లున్నది స్టాన్లీ, వెడల్పాటిది బ్రాడ్లీ. చివర "టన్" ఉంటే కంచె కట్టుకున్న పొలం, పోనుపోను పల్లె. ప్రెస్టన్ అంటే పాదిరీల పల్లె. మనకు పల్లి, పాడు, ఊరు ఉన్నట్టే.

ఊరి పేరు ఇంటిపేరు ఎలా అవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కందుకూరులో ఉన్నంతకాలం ఎవరినీ కందుకూరి వారు అనరు, అందరిదీ అదే ఊరు కదా. ఊరు వదిలి రాజమండ్రి చేరాకే వీరేశలింగం గారి పెద్దలు కందుకూరి వారయ్యారు. ఇంగ్లండులోనూ అంతే. దొరలు తాము ఏలే ఎస్టేటు పేరు పెట్టుకున్నారు, సామాన్యుడికి మాత్రం వదిలొచ్చిన ఊరే పేరయింది. అంటే ఆ పేర్ల వెనక ఒక వలస ఉంది. "పచ్చిక మైదానం" అని ఒక్క ముక్క రాసే వెబ్‌సైట్లకు అది కనిపించదు.

మరి ఇంటిపేరు పిల్లాడి సొంత పేరు ఎలా అయింది? నాకు బాగా నచ్చేది ఈ భాగమే. కొద్ది రోజులే ఇంగ్లండు రాణిగా ఉన్న లేడీ జేన్ గ్రేను 1553లో పెళ్లాడి, మరుసటి ఏడాదే ఆమెతో పాటు తల నరికించుకున్న కుర్రాడి పేరు గిల్‌ఫర్డ్ డడ్లీ. డడ్లీ తండ్రి ఇంటిపేరు. గిల్‌ఫర్డ్ తల్లి పుట్టింటి పేరు. రెండూ ఊళ్లే. ఇంటిపేర్లను ఇలా పిల్లలకు పెట్టడం తమ దేశంలో తప్ప క్రైస్తవ లోకంలో ఇంకెక్కడా లేదని 1605లో విలియం కామ్‌డెన్ అనే చరిత్రకారుడు రాశాడు. చర్చిల్ పేరులోని విన్‌స్టన్ కూడా అలాంటిదే. 1620లో పుట్టిన ఆయన పూర్వీకుడికి తల్లి శారా విన్‌స్టన్ ఇంటిపేరు పెట్టారు. మూడు వందల ఏళ్లు దాటాక ఆ తల్లి పుట్టింటి పేరు ప్రపంచమంతా పలికింది.

కొన్నిసార్లు అభిమానం కూడా ఊరి పేరును మోసుకుపోతుంది. 1925లో బార్బడోస్‌లో పుట్టిన క్రికెటర్ ఎవర్టన్ వీక్స్‌కు వాళ్ల నాన్న ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో ఉన్న ఎవర్టన్ ఫుట్‌బాల్ జట్టు పేరు పెట్టాడు. ఆ జట్టుకు పేరిచ్చింది ఆ నగరంలోని ఎవర్టన్ అనే పేట. వరసగా ఐదు టెస్టు సెంచరీలు కొట్టి, ఆరోది కొట్టబోతూ 1949లో మద్రాసులో 90 దగ్గర రనౌటైన వీక్స్ ఆయనే.

నా పేరూ అభిమానంతో వచ్చిందే. ఇంగ్లండులో మెథడిస్టు అనే క్రైస్తవ ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1791లో పోయారు. ఆయన బాటలో నడిచిన మిషనరీ చార్లెస్ పాస్నెట్ మెదక్‌లో పెద్ద చర్చి కట్టించారు, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో ఆ కట్టడం పనే జనానికి తిండి పెట్టిందని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. మా తాత నాకు వెస్లీ అని పెట్టింది ఆ తిండి గుర్తుతో. పచ్చిక మైదానం ఆయనకు తెలియదు.

అందుకే అర్థాల జాబితాలు చూసి పిల్లలకు యాష్టన్, ప్రెస్టన్ అని పెట్టేవాళ్ల మీద నాకు కోపం లేదు గానీ దిగులుగా ఉంటుంది. ఆ పేరు మీ ఇంట్లో ఎవరిది? ఇంగ్లండు వాళ్ల దగ్గర తీసుకోవాల్సింది పేరు కాదు, తల్లి పుట్టింటి పేరు బిడ్డకు పెట్టే ఆ పద్ధతి. మన దగ్గర పెళ్లవగానే ఆడపిల్ల ఇంటిపేరు మాయమైపోతుంది. మా అమ్మ పుట్టింటి పేరు ఇప్పుడు ఆమె పదో తరగతి సర్టిఫికెట్ మీద తప్ప ఎక్కడా లేదు.

కిందటి నెల మా బాబు బర్త్ సర్టిఫికెట్‌లో నా భార్య పుట్టింటి పేరు కూడా రాయించాను. చూసి మా పెదనాన్న, "ఏందిరా, వాళ్లింటి పిల్లోడా వీడు?" అన్నాడు.

"అవును పెదనాన్నా, వాళ్లింటి పిల్లోడు కూడా" అన్నాను.