వైరల్ డైలాగ్ నాలుగున్నర వేలకు సొంతమైపోదు

ఏదైనా మాట రీల్స్‌లో పాకిందంటే, వారం తిరక్కుండా దాని వెనకే ఓ సందేశం గ్రూపుల్లో తిరుగుతుంది: “వైరల్ డైలాగ్‌ను ఎవరు ముందు ట్రేడ్‌మార్క్ చేయించుకుంటే వాళ్లదే. రూ.4,500 కడితే పదేళ్లు మీ సొంతం. తర్వాత ఎవరు వాడినా స్ట్రైక్ వేయొచ్చు, డబ్బు అడగొచ్చు.” ఇందులో రుసుము అంకె, పదేళ్ల గడువు నిజమే. వాటి చుట్టూ అల్లినదంతా తప్పు.

“రూ.4,500 కడితే సొంతం”

అది దరఖాస్తు రుసుము. ట్రేడ్‌మార్క్ నమోదు కోరే టీఎమ్-ఏ ఫారం ఆన్‌లైన్లో వేసే వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆ రేటు; మిగతావాళ్లకు రూ.9,000. అదీ ఒక్కో క్లాసుకు. సరుకులు, సేవలు కలిపి 45 క్లాసులున్నాయి. టీషర్టులు 25లోకి, కప్పులు 21లోకి, వినోద కార్యక్రమాలు 41లోకి వస్తాయి. ఈ మూడూ కావాలంటే రూ.13,500 అవుతుంది. ఆ డబ్బుతో దొరికేది వరసలో చోటు మాత్రమే.

తర్వాత దరఖాస్తును చూసిన ట్రేడ్‌మార్క్ కార్యాలయం నుంచి పరీక్షా నివేదిక వస్తుంది. అది అందిన నెలలోపు జవాబివ్వాలి, లేకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క. ఏజెంటుకు డబ్బిచ్చి, తన ఈమెయిల్ కూడా తాను చూసుకోనివాళ్ల దరఖాస్తులు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. ఆ మెట్టు దాటితే ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో ప్రచురిస్తారు. అప్పటినుంచి నాలుగు నెలల్లోపు ఎవరైనా సరే అభ్యంతరం వేయొచ్చు. 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 21వ సెక్షన్ వాడిన మాటే ‘ఏ వ్యక్తి అయినా’. దానికి రెండు నెలల్లో ఎదురు వాంగ్మూలం ఇవ్వకపోతే దరఖాస్తు కథ అక్కడికి ముగిసినట్టే. ఇవన్నీ గట్టెక్కాకే నమోదు. పదేళ్లు మాత్రం దరఖాస్తు తేదీ నుంచే లెక్కేస్తారు.

“ఎంత వైరలైతే అంత గట్టి హక్కు”

ఇది పూర్తిగా తలకిందులు. ట్రేడ్‌మార్క్ పని ఒకటే: ఈ సరుకు ఫలానావాళ్ల దగ్గర్నుంచి వచ్చిందని కొనేవాడికి గుర్తుచేయడం. అందరి నోటా నానే మాట ఎవరినీ గుర్తుచేయదు. అదే చట్టం 9వ సెక్షన్ ప్రకారం ప్రత్యేకత లేని గుర్తునూ, వాడుక భాషలో మామూలైపోయిన గుర్తునూ నమోదు చేయకూడదు. చాలాకాలం వాడి, జనంలో తమ పేరుగానే స్థిరపరచుకున్నామని దరఖాస్తు తేదీకి ముందటి సాక్ష్యం చూపితే మినహాయింపుంది. పోయిన వారం పుట్టిన డైలాగ్‌కు ఆ సాక్ష్యం ఎక్కణ్నుంచి వస్తుంది?

టీషర్టునే చూడండి. ఛాతీ మీద పెద్దక్షరాల్లో డైలాగ్ అచ్చేస్తే, కొనేవాడు ఆ జోకు కోసం కొంటాడు, అక్కడది అలంకారం. అదే మాట కాలర్ లోపలి లేబుల్ మీద, వేలాడే ట్యాగ్ మీద, ప్యాకింగ్ కవరు మీద, బిల్లు పైన ఉంటే బ్రాండులా పనిచేస్తుంది. వాడకానికి రుజువుగా ఛాతీ ఫొటో ఒక్కటే జతచేస్తే కేసు బలహీనపడుతుంది. ఇంకో చిన్న సంగతి: మాటను తెలుగు లిపిలో నమోదుకు పెడితే దాని ఉచ్చారణ, అర్థం కూడా ఇంగ్లిషులోనో హిందీలోనో రాసివ్వాలి. ఇది వదిలేసి తిప్పలు పడేవాళ్లున్నారు.

జనంలో మోగుతున్న పేరు కోసం ఎగబడితే ఏమవుతుందో 2025 మేలో చూశాం. ‘ఆపరేషన్ సిందూర్’ ప్రకటించిన రోజే, మే 7న, ఆ పేరుకు దరఖాస్తులు మొదలయ్యాయి. రిలయన్స్ 41వ క్లాసులో వేసినదాన్ని విమర్శలు రాగానే మర్నాడే వెనక్కి తీసుకుంది.

“ముందు వేసినవాడిదే”

మన చట్టంలో ముందు వాడినవాడి మాట చెల్లుతుంది. నమోదుదారు వాడకం మొదలుపెట్టిన తేదీ, నమోదు తేదీ – ఈ రెండింట్లో ఏది ముందైతే దానికన్నా ముందునుంచీ అదే రకం సరుకు మీద ఆ గుర్తును ఆపకుండా వాడుతున్నవాణ్ని నమోదుదారు ఆపలేడని 34వ సెక్షన్. అయితే వీడియోలో మొదట అన్నంత మాత్రాన ‘వాడినవాడు’ అయిపోరు. అమ్మిన బిల్లులు, తేదీలున్న ప్రకటనలు కావాలి. నమోదు చేయించుకుని ఐదేళ్లపాటు వాడకుండా పడేసినా, ఆ కారణంతో 47వ సెక్షన్ కింద తీసేయించవచ్చు.

ఈ సందేశం కింద చాలామంది 2024 నాటి ‘వెరీ డెమ్యూర్’ ఉదంతం అతికిస్తుంటారు. టిక్‌టాక్‌లో జూల్స్ లెబ్రాన్ పేరు తెచ్చిన ఆ మాటకు అమెరికాలో వేరెవరో ముందుగా దరఖాస్తు వేశారు, నిజమే. అక్కడైనా దరఖాస్తు వేరు, నమోదు వేరు.

“వీడియోలో అన్నా స్ట్రైక్”

ఇతరుల ఫిర్యాదు మీద యూట్యూబ్ స్ట్రైక్, అంటే వీడియో తీసేసి ఛానల్‌కు వేసే హెచ్చరిక, పడేది కాపీరైట్ ఫిర్యాదుకు. ట్రేడ్‌మార్క్ ఫిర్యాదు ఫారమే వేరు. పోనీ, డైలాగ్ మీద కాపీరైట్ ఉందా అంటే, ప్రకటనల నినాదాలకు పైచూపుకు కాపీరైట్ రక్షణ ఉండదని పెప్సీ నినాదం ‘యే దిల్ మాంగే మోర్’ వివాదంలో ఢిల్లీ హైకోర్టు 2003లోనే చెప్పింది. రికార్డయిన క్లిప్పు సంగతి వేరు. ఆ దృశ్యం, ధ్వని కోసుకుని వాడితే కాపీరైట్ అడ్డొస్తుంది. నోటితో అనడానికి కాదు. ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన కావాలంటే వ్యాపార క్రమంలో, సరుకుకో సేవకో గుర్తుగా వాడాలి. మీమ్‌లో అనడం, వెక్కిరించడం, వార్తలో రాయడం అందులోకి రావు.

“దరఖాస్తు వేశాం, ఇక నోటీసులే”

టీఎమ్ (™) అక్షరాలు ఎవరైనా వేసుకోవచ్చు. వలయంలో ఆర్ (®) మాత్రం నమోదయ్యాకే. ముందే వేస్తే 107వ సెక్షన్ కింద తప్పు.

వాట్సాప్‌లో నోటీసొస్తే ముందు దరఖాస్తు నంబరు అడగండి. ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ దరఖాస్తుల వివరాలుండే ఐపీ ఇండియా సైట్లో స్థితి చూడండి. ‘ఆబ్జెక్టెడ్’, ‘అపోజ్డ్’, ‘మార్క్డ్ ఫర్ ఎగ్జామ్’ అని ఉంటే నమోదు కాలేదని అర్థం. నమోదుకాని గుర్తు మీద ఉల్లంఘన దావా కుదరదని 27వ సెక్షన్. ‘రిజిస్టర్డ్’ అని ఉన్నా, ఏ క్లాసులో, మాటకా లేక బొమ్మతో కూడిన లోగోకా అన్నది చూడాలి. లోగో నమోదు చూపించి మాటంతా తమదేనని బెదిరించడం మామూలే. ఆధారం లేకుండా బెదిరిస్తూనే ఉంటే 142వ సెక్షన్ కింద ఆ బెదిరింపులు ఆపమని, నష్టపరిహారం ఇప్పించమని ఎదురు దావా మీరే వేయొచ్చు. అందుకని ఆ నోటీసును, అది వచ్చిన నంబరును, తేదీని చెరిపేయకుండా దాచండి.