మందు తాగితేనే విషమా?

"పురుగుమందు తాగితేనే విషం, కొడితే ఏం కాదు. రైతు కుంగిపోయేది అప్పుతోనే. మందుకూ మనసుకూ లంకె పెట్టేది సేంద్రియం అమ్ముకునేవాళ్లు." రైతుల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మాట ఇది.

కొడితే ఏం కాదట. నాజిల్ పూడుకుపోతే ఏం చేస్తాం? ఊడదీసి నోట్లో పెట్టుకుని ఊదుతాం. ట్యాంకు మూత కారి వీపు తడుస్తుంది, ఆ చొక్కాతోనే పొద్దుగూకేదాకా కొడతాం. విషం ఎక్కడానికి గొంతే అక్కర్లేదు, చర్మం చాలు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాళ్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మంది దాకా చనిపోయారు. వాళ్లు తాగలేదు, కొట్టారంతే. 2003లో మన దేశంలోని మూడు పత్తి ఊళ్లలో ఆడవాళ్లు తమకూ ఇంట్లో మగవాళ్లకూ ఏమైందో లెక్క చెప్పారు. మందు ఒంటికి తగిలిన 323 సందర్భాల్లో నూటికి 84 సార్లు ఏదో ఒక విషలక్షణం ఉంది. మందు కలిపి ట్యాంకులు నింపే ఆడవాళ్ల పనీ కొట్టడమంత ప్రమాదమేనని తేలింది. కొట్టేది మగవాళ్లే కదా అనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక మనసు సంగతి. మోనో (మోనోక్రోటోఫాస్), క్లోరోపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ పురుగు నరాలను పట్టుకునే మందులు. నరాల మధ్య కబురు మోసే ఎసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమును కట్టేస్తాయి. అదే ఎంజైము మన మెదడులోనూ ఉంది. కొట్టిన రాత్రి మా బావకు నిద్ర పట్టదు, పిల్లల మీద ఊరికే విసుక్కుంటాడు. "మందు వేడి" అని మజ్జిగ తాగి ఊరుకుంటాడు. అమెరికాలోని అయోవా, నార్త్ కరోలినా రైతులను 1993 నుంచి గమనిస్తున్న అధ్యయనంలో, ఒకసారి మందు విషం ఎక్కినవాళ్లలో డిప్రెషన్ మిగతావాళ్లకంటే రెట్టింపు పైగా కనిపించింది. మందే కారణమని ఇది తేల్చేయదు, నిజమే. సంబంధమే లేదనడానికి మాత్రం చోటివ్వదు.

అప్పు కారణం కాదని ఎవరన్నారు? 1997-98లో వరంగల్ పత్తి రైతులను మింగింది అదే. కానీ ఆ అప్పులో మందుల షాపు ఉద్దెర ఎంతో కూడా చూడాలి. శ్రీలంక 1995 నుంచి అతి విషపు మందులను ఆపేస్తూ వచ్చింది, పదేళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు సగమైంది. పంట దిగుబడి పడిపోలేదు. అక్కడి రైతుల కష్టాలేమీ ఆవిరైపోలేదు, ఇంట్లో ఆ సీసా లేదంతే.

సేంద్రియం వ్యాపారమా? అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో పత్తి రైతులు మందు మానినప్పుడు వాడింది వేపగింజల కషాయం, మిర్చి-వెల్లుల్లి కషాయం. వాటిని తయారుచేసుకున్నది ఊళ్లోనే.