లాడం దొరికిందని...

మొన్న ఆదివారం జరిగింది. ఇంకా మండుతూనే ఉంది కాబట్టి మొదటి సంగతులు గబగబా చెప్పేస్తాను. మాది 2018 ఫార్చ్యూనర్ కారు, ఫోర్ బై ఫోర్, అంటే కావాలంటే నాలుగు చక్రాలూ ఇంజనుతో లాగే రకం. సెకండ్ హ్యాండ్‌లో, మా బావమరిది మాట మీద, మా బావమరిది స్నేహితుడి దగ్గర కొన్నాం. విజయవాడలో ఫోర్ బై ఫోర్ ఎందుకని అడక్కండి. దానికోసం ఉన్న నాబ్‌ని ఇప్పటిదాకా ఒక్కసారే తిప్పాం. అదీ సూర్యలంక బీచ్‌లో, మా అబ్బాయి ఏసీ అనుకుని తిప్పాడు.

టైర్లు ఏడేళ్లవి, పక్కలన్నీ పగుళ్లు. జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గుతుందంటే సెప్టెంబరు 22 దాకా ఆగాను. తర్వాత దీపావళి ఆఫర్ల కోసం ఆగాను. చివరికి ఆన్‌లైన్‌లో కొందామని కూర్చుంటే ఆ సైటు రెండు సైజులు చూపించి, "మీ టైరు మీద చూసి ఎంచుకోండి" అంది. ఒకటి 265/65 ఆర్ 17, రెండోది 265/60 ఆర్ 18.

ఈ సైజు పెట్టినవాడెవడో గానీ వాడితో నాకు పని ఉంది. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది టైరు గోడ ఎత్తు, వెడల్పులో శాతంగా. మూడోది రిమ్ము కొలత, అంగుళాల్లో. ఒకే స్థలాన్ని ఒకడు సెంట్లలో, ఒకడు గజాల్లో, ఇంకొకడు అంకణాల్లో చెబుతుంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు మనం ఎలా నిలబడతామో అలా నిలబడాలి.

ఇక్కడే నా తెలివి పనిచేసింది. బండికున్న టైర్ల మీద అక్షరాలు ఫుట్‌పాత్‌లకి గీసుకుని సగం చెరిగిపోయాయి. కానీ స్టెప్నీ ఉంది కదా! ఎప్పుడూ వాడనిది, ఎండ తగలనిది. మిగతా నాలుగూ జిరాక్సులైతే అది ఒరిజినల్ డాక్యుమెంటు. కాబట్టి స్టెప్నీ చదవాలి. ఫార్చ్యూనర్ స్టెప్నీ బండి వెనక, అడుగున వేలాడుతూ ఉంటుంది.

ఆ రోజు మేం గృహప్రవేశానికి బయల్దేరుతున్నాం. తెల్ల పంచె, జరీ ఉత్తరీయం. మా ఆవిడ కిందికి రావడానికి ఇంకో ఇరవై నిమిషాలు పడుతుందని ఇరవై రెండేళ్ల అనుభవం చెబుతోంది. సెల్లార్‌లో ఎవరూ లేరు. పాత హిందూ పేపరు ఒకటి పరిచి, ఫోన్ టార్చి వేసుకుని, వెల్లకిలా పడుకుని, తల ముందు పెట్టి బండి కిందికి పాకాను.

అడుగున అదో లోకం. సూర్యలంక ఇసుక ఇంకా అక్కడే ఉంది, కొంత నా కళ్లలో పడింది. టైరు మీద అక్షరాలు గుండ్రంగా రాసి ఉంటాయి కదా, కనబడ్డవి కూడా నాకు తలకిందులుగా కనబడ్డాయి. బొటనవేలితో మట్టి తుడుస్తూ ఒక్కో అంకె పట్టుకోవాలి. రెండు... ఆరు... అయిదు. అక్కడ గీత. తర్వాత ఆరు. ఆ పక్కది అయిదో సున్నానో తెలియడానికి ఇంకో జానెడు లోపలికి జరిగాను. అంటే బయట ఇప్పుడు నా మోకాళ్ల కింది భాగం మాత్రమే మిగిలింది.

ఆ భాగాన్ని మా వాచ్‌మన్ చూశాడు.

అతను పిలిచాడట, నాకు వినబడలేదు. మూడో అంతస్తు రిటైర్డ్ హెడ్‌మాస్టారు పాల ప్యాకెట్టుతో వస్తూ "కదులుతున్నాడా?" అన్నారట. సరిగ్గా అప్పుడే చివరన ఉన్న రిమ్ము కొలత మీది మట్టి రాలింది. ఆనందం పట్టలేక "పదిహేడు! పదిహేడు!" అని అరిచాను.

"ఏదో నంబరు చెబుతున్నాడయ్యా, ఫ్లాట్ నంబరేమో" అన్నారు మాస్టారు.

"మన దాంట్లో పదిహేడు లేదు సార్. తలకి తగిలుంటది" అన్నాడు వాచ్‌మన్.

ఆ తర్వాత నా ఎడమ కాలు ఒకరు, కుడి కాలు ఒకరు పట్టుకుని లాగారు. నేను బయటికొచ్చాను. పంచె మాత్రం నాతో పాటు రాలేదు, రావాల్సిన వేగంతో రాలేదు. అది నడుము దగ్గర బయల్దేరి ఛాతీ దగ్గర ఆగింది. దేవుడి దయ వల్ల లోపల నిక్కరుంది. కానీ అది నీలి గళ్లది, మా అబ్బాయిది. లిఫ్ట్ తలుపు తెరుచుకుని మా ఆవిడ, ఆవిడ వెనక రెండో అంతస్తు కుటుంబం మొత్తం ఆ దృశ్యాన్ని ఏ తొందరా లేకుండా చూశారు. ఆర్కిమెడీస్ కూడా దాదాపు ఇదే అవతారంలో వీధిలో పరిగెత్తాడంటారు. ఆయనకి కనీసం జవాబు సరైనది దొరికింది.

ఆర్డర్ పెట్టాను. వచ్చాయి. నా జాగ్రత్త చూడండి, టైరు పక్కన నాలుగంకెల తేదీ కూడా చదివాను. 3525, అంటే 2025లో 35వ వారం. తాజా సరుకు. నాలుగింటినీ బండిలో వేసుకుని ఆటోనగర్ వెళ్లాను.

కుర్రాడు చక్రం విప్పి, పాత టైరు ఊడదీసి, కొత్తది రిమ్ము మీద పెట్టాడు. కూర్చోలేదు. సబ్బునీళ్లు రాశాడు. కూర్చోలేదు. టైరు చూశాడు, రిమ్ము చూశాడు, నన్ను చూశాడు. "సార్, టైరు పదిహేడు. మీ రిమ్ము పద్దెనిమిది."

"స్టెప్నీ మీద పదిహేడే ఉందయ్యా, నేను పడుకుని మరీ చూశాను."

అతనేం మాట్లాడకుండా డ్రైవర్ డోర్ తీసి, పక్కన స్తంభానికి అంటించిన స్టిక్కర్ మీద వేలు పెట్టాడు. టైరు సైజు, గాలి ఎంత పట్టాలో అన్నీ అచ్చేసి ఉన్నాయి. నిలబడి చదువుకోవచ్చు. పంచెలో కూడా.

తేలిందేమిటంటే, పాత ఓనరు ఎప్పుడో స్టెప్నీ పోగొట్టుకుని ఫోర్ బై టూ, అంటే రెండు చక్రాలే లాగే మోడల్ చక్రం ఒకటి తగిలించాడు. ఈ రెండు సైజులూ టైరుతో సహా కొలిస్తే ఎత్తులో తేడా ఒక్క మిల్లీమీటరు, బోల్టులు అవే ఆరు. ఎవరికీ అనుమానం రాదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. నా కాల్ వాళ్లకి ఎంతో ముఖ్యమని పదకొండు నిమిషాలు చెప్పి, ఆ తర్వాత ఒకమ్మాయి "సైజు మీరే సెలెక్ట్ చేశారు కదా సర్" అంది. వాపసు లేదట. మీ టైరు మీదే చూసుకోమంది మీరేగా తల్లీ, చూసింది నా టైరు మీదేగా!

షాపు ఓనరు అప్పటిదాకా టీ తాగుతూ ఉన్నాడు. ఆన్‌లైన్‌లో కొన్నానని విన్నాక ఆయన మొహంలో వచ్చిన వెలుగు నేను జన్మలో మర్చిపోను. "కంగారేం లేదు సార్. టైర్లున్నాయిగా, వాటికి తగ్గ రిమ్ములు తీసుకోండి" అన్నాడు. స్టెప్నీ దింపించి ముందు చక్రం చోట తగిలించి, బ్రేకులకి తగలట్లేదని తిప్పి చూపించాడు. రిమ్ముకి ఆరు బోల్టులు 139.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న వృత్తం మీద ఉండాలట. ఆ పాయింట్ ఏడేమిటని అడిగితే అయిదున్నర అంగుళాలన్నాడు. మళ్లీ అంగుళాలే. లాడం దొరికిందని గుర్రాన్ని కొన్నాడట వెనకటికొకడు. నాకు నాలుగు లాడాలు దొరికాయి, 44 వేలు పెట్టి గుర్రాన్ని కొన్నాను. పైగా నైట్రోజన్ గాలికి విడిగా డబ్బులు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే కదయ్యా అన్నాను, బేరమాడుతున్నాననుకుని ఇరవై రూపాయలు తగ్గించాడు.

సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు. విషయం వాళ్లక్క అప్పుడే చెప్పేసింది.

"స్టెప్నీ పదిహేడని మీకు చెప్పలేదా బావా? చెప్పాననుకున్నానే!"

నేనేం మాట్లాడలేదు.

"అయితే ఆ పద్దెనిమిది అంగుళాల అల్లాయ్ రిమ్ములు ఖాళీగానే ఉన్నాయిగా? మా ఫ్రెండుకి కావాలట."

ఎవరా ఫ్రెండు అని అడగబోయి మానేశాను. అల్లాయ్‌లు బాల్కనీలో ఉన్నాయి. మా ఆవిడ నాలుగింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన తులసి కుండీ పెట్టి, ఆరు బోల్టు కంతల్లో ఆరు ప్రమిదలు వెలిగించింది. కార్తీకం వెళ్లేదాకా ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదట.