రాళ్లు పాతితే ఇళ్లవుతాయా?

రావులపాలెం దాటి అమలాపురం వైపు వెళ్లినా, తణుకు నుంచి భీమవరం వచ్చినా దారి పొడవునా ఒకటే వరస. నిన్నటిదాకా నాట్లు పడిన చేలో గ్రావెల్ లారీలు తిరుగుతున్నాయి. సున్నం కొట్టిన సరిహద్దు రాళ్లు, రంగుల జెండాలు, ముందొక ఆర్చి. పట్టణాల్లోకి వస్తే సందుకొక అపార్ట్‌మెంటు లేస్తోంది. ఇన్ని వస్తున్నాయి కదా, ధర దిగకపోతుందా, కాస్త ఆగుదాం అని అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లు అనుకుంటున్నారు. వాళ్ల లెక్క సగం ఒప్పు, సగం తప్పు.

ఒప్పు సంగతి ముందు. అమ్మేవాళ్లు పెరిగితే కొనేవాడికి బేరం దొరుకుతుంది. అయితే అది బోర్డు మీద కనపడదు. రేటు బాహాటంగా తగ్గిస్తే నిరుడు కొన్నవాళ్లు వచ్చి గొడవకు దిగుతారని బిల్డర్ భయం. అందుకే రేటు గట్టిగానే చెబుతాడు. మీరు లేచి గుమ్మం దాకా వచ్చాక కారు పార్కింగు ఫ్రీ అంటాడు. చెప్పులు వేసుకుంటుంటే రిజిస్ట్రేషన్ ఖర్చు తనదంటాడు. మార్కెట్ మెత్తబడిందనడానికి ఇంతకు మించిన గుర్తు అక్కర్లేదు.

40 లక్షల ఫ్లాటే తీసుకుందాం. 30 లక్షలు దాటిన అప్పుకు బ్యాంకు ఇచ్చేది విలువలో 80 శాతం వరకే, అంటే 32 లక్షలు. మిగిలిన 8 లక్షలు, పూర్తి ధరకే దస్తావేజు రాసుకుంటే స్టాంపు, రిజిస్ట్రేషన్ కింద 7.5 శాతం చొప్పున మరో 3 లక్షలు చేతిలోంచి పెట్టాలి. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల ఈఎంఐ 27,700 దాటుతుంది. బేరంలో 2 లక్షలు తగ్గాయనుకోండి. ముందు పెట్టాల్సిన 11 లక్షల్లో 55 వేలు, నెలనెలా దాదాపు 1,400 మిగులుతాయి. చిన్న టీచరు ఉద్యోగానికి ఇది తక్కువేం కాదు. కానీ ఆ 11 లక్షలు కూడబెట్టడమే అసలు టెన్షన్. ఎన్ని ఫ్లాట్లు కట్టినా అది తీరేది కాదు.

ఇంకో మేలు కంటికి ఆనదు. రాజమహేంద్రవరంలో దానవాయిపేట పాత ఫ్లాటు వదిలి లాలాచెరువు వైపు కొత్త ఇంటికి మారిన కుటుంబం వెనకాల ఒక ఇల్లు ఖాళీ చేసింది. అందులోకి ఇంకొకరు వస్తారు, వాళ్లు విడిచిన వాటా మరొకరికి దొరుకుతుంది. కొత్త ఇల్లు కొనే స్తోమత లేనివాడికి కూడా కొత్త ఇల్లు పనికొచ్చేది ఇలాగే. కాకపోతే ఆ కొత్త ఇంట్లోకి ఎవరో ఒకరు దిగాలి.

తప్పిన లెక్క ఇక్కడ ఉంది. మన నోటికి ప్లాటు, ఫ్లాటు ఒకేలా పలుకుతాయి. గోదావరి డెల్టాలో జోరుగా పెరుగుతున్నది మొదటిది, అంటే ఖాళీ స్థలం. గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చే డబ్బు బంగారంలోకి వెళ్లినట్టే సరిహద్దు రాళ్ల మధ్యకి వెళుతోంది. కొన్నవాడు కట్టడు, అమ్మడు. ఏళ్లు గడిచినా అక్కడ తుమ్మ మొక్కలు మొలుస్తాయి గానీ దీపం వెలగదు. ఇలాంటి స్థలాలు వంద వచ్చినా, వెయ్యి వచ్చినా ఇల్లు వెతుక్కునేవాడికి ఒరిగేది లేదు. పైగా అందరూ స్థలాల మీద పడితే గజం రేటు పెరిగి, కట్టుకోవాలనుకున్నవాడి మీదే భారం పడుతుంది.

మరొకటి, ఇది డెల్టా. చేలో నీరు బోదె అనే చిన్న కాలువలోకి, బోదె నుంచి మురుగు కాలువలోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి పోవాలి. వాలు అంతంత మాత్రం. నాలుగడుగుల మెరక చేసి బోదె పూడ్చేస్తే ఆ నీరు పక్క చేలోనో పక్క వీధిలోనో నిలుస్తుంది. యనమదుర్రు డ్రెయిన్ పక్కన భీమవరం వాళ్లకు, కౌశిక డ్రెయిన్ ఎరిగిన అమలాపురం వాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? రాజమహేంద్రవరం దగ్గర బూరుగుపూడిలో ఇళ్ల స్థలాలకు ఆవ భూములు, అంటే నీరు నిలిచే పల్లపు నేలలు ఎంపిక చేస్తే, నీట మునిగే నేలలో ఇళ్లేమిటని వివాదం కోర్టుకెక్కింది. పేరులోనే ఆవ ఉంది! సంక్రాంతి సెలవుల్లో ఎండిన నేల చూసి అడ్వాన్సు ఇచ్చేవాళ్లు శ్రావణంలో చెప్పులు చేత్తో పట్టుకుని మరోసారి వెళ్లి చూడాలి. బోరు వేయించి నీళ్లు నోట్లో పోసుకుని చూడాలి. పశ్చిమ డెల్టాలో చాలాచోట్ల అవి ఉప్పు నీళ్లు.

ప్రభుత్వాలు కట్టించినవాటి కథ వేరేగా లేదు. పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో చేపట్టిన 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లకు గోడలు లేచాయి. మురుగు లైను, రోడ్డు, నీరు లేక చాలాచోట్ల ఏళ్ల తరబడి తాళాలు వేసే ఉంచారు. సగంలో ఆగిన వాటిని పూర్తి చేయడం కన్నా వేగంగా ఇళ్ల సంఖ్య పెంచే దారి ప్రభుత్వానికి లేదు.

పట్టణం లోపల పైకి కట్టనివ్వాలని, చేల మీదికి పోవద్దని మేము అంటాం. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ నగరం 2016లో నివాస ప్రాంతంలో దాదాపు ముప్పాతిక భాగంలో మరిన్ని ఇళ్లు కట్టుకునేలా నిబంధనలు సడలించింది, ఆ తర్వాత నిర్మాణాలు బాగా పెరిగాయి. అయితే మన దగ్గర దీనికి ఒక మెలిక ఉంది. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటని స్థలంలో కట్టినవి, లేదా 8 ఫ్లాట్లు మించనివి రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేయాల్సిన పని లేదు. మన పట్టణాల సందుల్లో లేచేవి ఎక్కువగా ఇలాంటివే. ఆలస్యమైనా, గోడ బీటలిచ్చినా రెరాకు వెళ్లే వీలు లేనివాళ్లు చిన్న కొనుగోలుదారులే. ఈ హద్దు తగ్గించే వీలు రాష్ట్రానికి చట్టంలోనే ఉంది.

బోదె పూడ్చిన లేఅవుట్‌కు అనుమతి ఇవ్వకూడదు. అనుమతి లేకుండా వేసినదాన్ని తర్వాత రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే అలవాటు మానాలి, ఆ రుసుము చివరికి కట్టేది ప్లాటు కొన్నవాడే. ఎన్ని ఎకరాల్లో లేఅవుట్లు వేశారన్న లెక్కలు ఇప్పటికే చాలా విన్నాం. మున్సిపాలిటీలు నెలనెలా నోటీసు బోర్డు మీద ఒకే అంకె రాసి పెట్టాలి: ఈ నెల ఎన్ని ఇళ్లకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఇక కాపురం ఉండొచ్చనే పత్రం ఇచ్చారో.